కర్తరిలో మట్టి

మే 3

పాసింజరు లేటు. మేనకోడలు దిగింది. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో సీసా. బ్యాగు నాకిచ్చింది. సీసా ఇవ్వలేదు.

"ఎండిపోకూడదు మామయ్యా." బాగున్నావా అనడానికి ముందే.

లోపల తెల్లటి బురద, పైన రెండు వేళ్ల మందాన నీళ్లు. హాలోయ్‌సైట్. హైదరాబాదులో వాళ్ల ల్యాబుకు చేర్చాల్సింది. మధ్యలో తన తమ్ముడి పెళ్లి పడింది. మా చెల్లెలి ఇంట్లో ఫ్రిజ్ నిండా కూల్‌డ్రింకులు. సీసా మా ఇంటికి వచ్చింది.

మా ఆవిడ వెలుతురుకు పట్టి చూసింది. సున్నమా అంది. కాదన్నాను. విషమా అంది. కాదన్నాను. అయినా పెరుగు పక్కన వద్దంది. ఇడ్లీ పిండి పక్కన పెట్టాం.

మే 4

చిన్న కర్తరి. మేస్త్రీ పొద్దున్నే వచ్చి తాపీ, దారం సంచిలో వేసుకున్నాడు. కర్తరి వెళ్లేదాకా మట్టి తవ్వకూడదు, గోడ ఎత్తకూడదు. అన్నయ్య వాటాకూ నా వాటాకూ మధ్య గోడ నడుమెత్తు దగ్గర ఆగింది. అరుగు మీద కూర్చుంటే ఒకరికొకరు కనపడం. లేస్తే కనపడతాం.

ఫ్రిజ్‌లో మట్టి ఉందని మేస్త్రీకి చెప్పలేదు.

మే 6

అమ్మాయి సీసా చూసుకోవడానికి వచ్చింది. కాఫీ తాగుతూ పాత పాఠం మళ్లీ చెప్పుకున్నాం.

ఒక పొర సిలికా. ఒక పొర అల్యూమినా. రెండూ అతుక్కునే పుట్టాయి. సిలికా పొర కాస్త వెడల్పు, అల్యూమినా పొర కాస్త ఇరుకు. చైనా క్లేలో సిలికా పొర లోలోపలే కొంచెం మెలి తిరిగి సర్దుకుంటుంది. పలక చదునుగా ఉంటుంది. హాలోయ్‌సైట్‌లో ఈ జంటకూ పై జంటకూ నడుమ ఒక వరస నీళ్లు చేరాయి. పక్కవాళ్ల పట్టు సడలింది. ఇక సర్దుకునే అవసరం లేదు. చుట్ట చుట్టుకుంది. వెడల్పుది బయటికి, ఇరుకుది లోపలికి. ఇస్త్రీపెట్టెలో వేడికి వంగే రెండు లోహాల బద్ద లాగా.

గొట్టం పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు, అటూఇటూ. బయటి వ్యాసం 50, 60 నానోమీటర్లు. లోపలి బొక్క 10, 15. ఆ బొక్కలో మందులు నింపి మెల్లగా బయటికి వదిలించాలని చాలామంది చూస్తున్నారట. మా ఆవిడ అడిగింది, మోకాళ్ల నొప్పికి వస్తుందా అని.

మే 7

లైనస్ పౌలింగ్ 1930లోనే రాశాడు. రెండు ముఖాలూ ఒకటి కాని పొర చదునుగా ఉండలేదు, వంగుతుందని. అది కళ్లకు కనపడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావలసి వచ్చింది. 1950లో బేట్స్, హిల్డెబ్రాండ్, స్వైన్‌ఫర్డ్ గొట్టాల ఫోటోలు వేశారు. పేరు మాత్రం 1826 నాటిది. బెల్జియంలో లీజ్ దగ్గర ఆంగ్లర్ అనే ఊరి మట్టికి బెర్తియే పెట్టాడు, దాలోయ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పేరు మీద. నూటపాతికేళ్లు ఆకారం తెలియకుండానే పిలిచారు.

మే 8

నా ఉద్యోగం ల్యాబులో, కొలిమి దగ్గర. మూస తూచడం, లోపల పెట్టడం, తీయడం, మళ్లీ తూచడం. పేపర్ల మీద పేరు ఉండదు. చివర్లో కృతజ్ఞతల్లో ఒకసారి వచ్చింది, ఇంటిపేరు తప్పుతో.

లెక్క ఇంకా నోటికి ఉంది. తడి హాలోయ్‌సైట్ 100 గ్రాములు పెడితే చివరికి బయటికొచ్చేది 76. మొదటి 12 గ్రాములు 110 డిగ్రీల లోపే పోతాయి. పొరల మధ్య నీళ్లు అవి. తర్వాత చాలాసేపు ఏమీ జరగదు. క్యాంటీన్‌కు వెళ్లి రావచ్చు. 450 దాటాక ఇంకో 12 బయల్దేరతాయి. 600కి దాదాపు అయిపోతాయి. ఇవి నీళ్లుగా ఉన్న నీళ్లు కావు. హైడ్రాక్సిల్‌గా పొరలోనే కలిసిపోయి ఉండి, వేడికి ఇద్దరిద్దరు కలిసి నీళ్లయి వెళ్లిపోతారు.

ఆపైన ఎక్స్‌రేకు ఏమీ దొరకదు. లోపలి వరస చెదిరింది. స్ఫటికం అనేది లేదు. అదే పొడిని మైక్రోస్కోపు కింద పెడితే గొట్టం గొట్టంలాగే ఉంటుంది. 900 దాకా ఉంటుంది. బయటి నుంచి చూసేవాడికి ఏ తేడా తెలియదు.

మే 9

కరెంటు పోయింది. ఫోను 43 అంటోంది. అమ్మాయి పరుగున వచ్చింది. ఐస్ ముక్కలు, తడిగుడ్డ, మట్టి కూజా. సీసా కూజాలో కూర్చుంది. మంచినీళ్లకు బిందె దగ్గరికి పోవాల్సి వచ్చింది.

అమ్మాయి తిప్పలు నాకు తెలుసు. పొరల మధ్య నీళ్లు పోవడానికి కొలిమి అక్కర్లేదు. పొడిగాలి చాలు. మా బోనకల్ మే నెల ఎక్కువే. పోయిందంటే పొరకూ పొరకూ దూరం 10 ఆంగ్‌స్ట్రాముల నుంచి 7కు పైచిలుకుకు పడిపోతుంది. మళ్లీ నీళ్లలో నానబెట్టినా 10కి రాదు.

మే 10

చెల్క వైపు కాదు, కాలవ కింద రేగడి వైపు నడిచాను. పత్తి కట్టె పీకేసిన చేను. నెర్రెల్లో చెయ్యి మోచేతి దాకా దిగింది. లోపల చల్లగా ఉంది. తేలు సంగతి తర్వాత గుర్తొచ్చింది.

ఇది మాంట్‌మోరిల్లోనైట్. పొరల మధ్య నీళ్లు దీనికీ ఉంటాయి. ఏటా పోతాయి. ఏటా వానకు తాగి ఉబ్బి, నెర్రెలు తనే మూసుకుంటుంది. ఎన్నిసార్లయినా. పోయిన ఏడాది సంగతి దానికి పట్టదు.

మే 11

పెద్ద కర్తరి. అన్నయ్య లేచాడు. నేను లేచాను. గోడ మీదుగా ఇద్దరం వేపచెట్టు చూశాం.

మే 13

పెళ్లికి ఐరేని కుండలు చెప్పి రావడానికి కుమ్మరి తాత ఇంటికి. చెల్లెలు పంపింది. తాత సారె పక్కనే పడుకుని ఉన్నాడు. సారె కరెంటు మోటారుది. తాత పాతదే.

"కర్తరిలో మట్టి పని చేస్తున్నావే?"

"మట్టి మాఘంలోనే తెచ్చుకున్నం సారూ. ఇప్పుడు చేసేది కుండ పని."

చెరువు మన్ను, దాన్లోకి ఇసుక, ఇంత బూడిద. ఒక పచ్చికుండ చేతికిచ్చాడు. ఎండింది, గట్టిగానే ఉంది. నీళ్ల తొట్టిలో పెట్టమన్నాడు. అంచు మెత్తబడి, జారి, అడుగుకు చేరింది. కాల్చిన పెంకు ఒకటి అదే తొట్టిలో ఎప్పట్నుంచో ఉంది. నాచు పట్టింది గానీ అంచు చెదరలేదు. రెండింటి మధ్య తేడా ఆ రెండో వాయి నీళ్లే. హైడ్రాక్సిల్ పోయిన మట్టి మళ్లీ బురద కాదు.

సాయంత్రం ఆవం పేర్చారు. కుండలు బోర్లించి, సందుల్లో పిడకలు, పైన కంప, గడ్డి, ఆపైన తడిమట్టి పూత. అక్కడక్కడ కన్నాలు. నిప్పు పెట్టాక తాత మంచం కన్నాల వైపు తిప్పుకున్నాడు. మొదట తెల్లటి పొగ. పొగ కాదు అది, చెమ్మ. చెయ్యి పెడితే తడి తగిలింది. అది పోయేదాకా మంట పెంచనివ్వడు. మనవడు తొందరపడి కంప వేయబోతే బూతు తిట్టాడు. తడి లోపలుండగా వేడి ఎక్కితే కుండ పేలుతుంది, పక్క కుండల్నీ తీసుకుపోతుంది.

తొమ్మిది దాటాక కన్నంలో ఎరుపు. చీకట్లో కంటికి ఆనే మొదటి ఎరుపు సుమారు 550 డిగ్రీలు. నేను ల్యాబులో థర్మోకపుల్ మీద చదివింది తాత మంచం మీద పడుకుని చూశాడు.

ఇసుకకు 573 దగ్గర ఒక కుదుపు ఉంది. క్వార్ట్‌జ్ స్ఫటికం అక్కడ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే డిగ్రీ దగ్గర ముడుచుకుంటుంది. కుండలో ఉన్న ఇసుకంతా ఒకేసారి. అందుకే మెల్లగా చల్లారాలి. ఈ 573 సంగతి తాతకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"రాత్రికి రాత్రి ఇప్పితే పగులుతది. అంతే గదా సారూ."

అంతే.

మే 14

పొద్దున ఆవం విప్పారు. తాత ఒక్కో కుండనూ వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కణకణమన్నవి కుడివైపు. బొదబొదమన్నవి ఎడమవైపు. ఎడమవైపువి ఏం చేస్తావంటే, మొక్కలు పెట్టుకునేవాళ్లు కొంటారన్నాడు. పట్నంలో వాటికే రేటు ఎక్కువట.

మే 15

స్టేషన్లో చుట్టాల కోసం ఎదురుచూపు. బొగ్గు రేక్ ఒకటి ఆగకుండా విజయవాడ వైపు పోయింది. ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీకే అయ్యుంటుంది. వ్యాగన్లు లెక్కపెట్టడం చిన్నప్పటి అలవాటు. మధ్యలో ఎవరో పలకరించారు.

సింగరేణి బొగ్గులో మూడో వంతుకు అటూఇటూ బూడిద. ఆ బూడిదలో ఎక్కువ భాగం ఒకప్పటి బంకమన్ను, బొగ్గుతో పాటు పేరుకుంది. ఇల్లెందు దగ్గర డాక్టర్ కింగ్ 1871లో బొగ్గు చూశాడు. బొగ్గంటే అందరికీ తెలిసింది. మధ్యలో ఉన్న మట్టిని తిట్టుకోవడమే. బాయిలర్లో ఆ మట్టి రెప్పపాటులో 1300 దాటుతుంది. కొంత గాజు ముత్యాలవుతుంది. కొంత మల్లైట్ సూదులవుతుంది. కొలిమిలో నేను గంటలు కూర్చుని చేయించింది అక్కడ సెకన్లలో.

మల్లైట్‌కు ఆ పేరు 1924లో పెట్టారు. స్కాట్లండు పక్కన మల్ దీవి. లావా తగిలి కాలిన మట్టిలో చిటికెడు దొరికింది. ప్రకృతిలో అరుదైన ఖనిజం అని పుస్తకాల్లో ఉంటుంది. పాల్వంచలో బూడిద చెరువులున్నాయి.

మా గోడ ఇటుకలు బూడిదవే. పాల్వంచ సరుకు అని అమ్మినాయన చెప్పాడు.

మే 16

కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో కయనైట్ ఉంది. అదీ అల్యూమినా, సిలికానే, నీళ్ల చుక్క లేదు. బాగా వేడెక్కితే మల్లైట్‌గా మారుతూ ఉబ్బుతుంది. మట్టి మల్లైట్‌గా మారుతూ ముడుచుకుంటుంది. కొలిమి ఇటుకలు చేసేవాళ్లు రెండూ కలుపుతారు. దాని ఉబ్బుకు దీని ముడుచుకోవడం సరి.

మే 17

ల షాటెలియే 1887లో మట్టిని వేడిచేసిన కథ అమ్మాయికి తెలియదు. సంతోషించాను. ప్లాటినం తీగల జంట మట్టిలో గుచ్చాడు. ఆ తీగల కరెంటు అద్దాన్ని తిప్పేట్టు, కొద్ది సెకన్లకోసారి మెరుపు ఫోటో ప్లేటు మీద పడేట్టు పెట్టాడు. మట్టి మామూలుగా వేడెక్కుతుంటే గీతలు సమంగా. వేడి మింగుతుంటే గీతలు దగ్గరదగ్గరగా. వేడి కక్కితే ఎడంగా. ఆ గీతల్ని బట్టి మట్టిని అయిదు రకాలు చేశాడు. వాటిలో హాలోయ్‌సైట్ ఒకటి.

ఇప్పుడు అదంతా ఆమె ఫోన్లో రంగుల గీతగా ఉంది. 100 దగ్గర చిన్న గుంట. 500 పైన పెద్ద గుంట. 980 దగ్గర పైకి సూది.

మే 18

ఆ సూది దగ్గర ఏం పుడుతుందన్నది తగువు. బ్రిండ్లే, నకహీరా 1959లో అల్యూమినియం సిలికాన్ కలిసిన స్పైనెల్ అన్నారు. కాదు, సిలికా లేని గామా అల్యూమినా అని ఇంకో పక్షం. అదీ ఇదీ కాక కొంచెం కొంచెం అని మూడో పక్షం. అందరూ చూసింది ఒకే గీత.

మా గోడ తగువు రెండు గజాలది. కాగితాలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. కొలిచింది ఒకే గొలుసు.

మే 19

పెళ్లి పిలుపులు. మేనమామలు ఇద్దరం. ఎవరింటికి ఎవరు ముందు వెళ్లాలన్నది చెల్లెలు తేల్చలేక ఇద్దరినీ తిట్టింది. నేనే వెళ్లాను, వీధి వాకిట్లోంచి. వదిన మంచినీళ్లు తెచ్చింది. తాగాను. అన్నయ్య టీవీ చూస్తున్నాడు. టీవీ ఆపి ఉంది.

మే 20

పిల్లలు సీసా మూత తీశారు. పాలకోవా అనుకున్నారట. ఎంతసేపు తీసి ఉందో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. పైన నీళ్లు తగ్గాయి. సీసా మెడ లోపల తెల్లటి చార ఎండి అంటుకుని ఉంది. గోటితో గీకితే పొడి. అమ్మాయి ఏమీ అనలేదు. నీళ్లు పోసి ఊపింది. చార కలిసిపోయింది.

కలిసినట్టు కనపడింది, అంతే. మాకిద్దరికీ తెలుసు.

మే 21

ఇంకో గొట్టం ఇమొగొలైట్. 1962లో యోషినగ, అవోమినె జపాను అగ్నిపర్వత బూడిద నేలల్లో పట్టుకున్నారు. రెండు నానోమీటర్ల వ్యాసం. హాలోయ్‌సైట్ పక్కన దారప్పోగు. ఇందులో అంతా తిరగబడింది, అల్యూమినా బయటికి, సిలికా లోపలికి. ఒకే పొర, ఒకే చుట్టు. హాలోయ్‌సైట్‌ది చాప చుట్ట.

400 డిగ్రీలకు ఇమొగొలైట్ గొట్టం చితికి పలక అయిపోతుంది. హైడ్రాక్సిల్ పోవడం, ఆకారం పోవడం రెండూ ఒక్కసారే. హాలోయ్‌సైట్‌ది మాత్రం సాగదీత. స్ఫటికం 600కే పోయినా ఆకారం 900 దాకా.

పెళ్లికొడుకు పసుపు పూస్తుండగా నిద్రపోయాడు.

మే 22

పెళ్లి. డప్పులతో ఐరేని కుండలు తెచ్చారు. సున్నం పూసి, జాజు గీతలు గీసి. తాత కూడా వచ్చాడు, కొత్త కండువా. కుండలు దింపుతుంటే ఒక్కొక్కటీ వేలితో కొట్టి చూసుకున్నాడు, అలవాటు కొద్దీ.

పంతులు మేనమామ రావాలన్నాడు. ఇద్దరం లేచాం. ఇద్దరం కూర్చున్నాం. మళ్లీ ఇద్దరం లేచాం. ఫోటోలో ఇద్దరం ఉన్నాం. మధ్యలో మూడో మనిషి పట్టేంత జాగా. అక్కడ కూలర్ పడింది.

మే 24

అమ్మాయి వెళ్లింది. సీసా తడిగుడ్డలో, గుడ్డ స్టీలు క్యారియర్లో. మూడో గిన్నెలో అరిసెలు.

మే 25

రోహిణి. రోళ్లు పగిలే కార్తె అంటారు. మా రోలు పగల్లేదు. మిక్సీ కాలిపోయింది.

మే 26

నేలకొండపల్లి. పెళ్లికి వచ్చిన చుట్టాలకు రామదాసు ఊరు చూపించాలట. భవనం చూశారు, ఫోటోలు దిగారు. స్తూపం దగ్గర ఎండ అని కారు దిగలేదు. నేను దిగాను. క్రీ.శ. మూడో, నాలుగో శతాబ్దం నాటి బౌద్ధ స్తూపం. ఇటుక ఒక్కటి మన ఇటుకలు రెండు మూడంత. కొత్తగా అతికినవీ పాతవీ పక్కపక్కనే. కాపలా మనిషి విరాటరాజు కథ చెప్పాడు, కీచకుడితో సహా.

కాలిన మట్టి నీళ్లు తీసుకోదు అన్నది పూర్తి నిజం కాదు. తీసుకుంటుంది. గాల్లో తేమను, హైడ్రాక్సిల్‌గా, శతాబ్దాల తరబడి, లెక్క ప్రకారం. కొలిమి నుంచి తీసిన రోజు నుంచి బరువు పెరుగుతూ ఉంటుంది, రానురాను నెమ్మదిగా. మాంచెస్టర్‌లో మోయిరా విల్సన్ బృందం 2009లో దీన్ని గడియారం చేసింది. ఇటుకను 500కు కాల్చి, పోయిన బరువెంతో చూసి వయసు చెప్పడం.

కాంటర్‌బరీ ఊరి మధ్యయుగపు ఇటుక ఒకటి ఇచ్చి చూశారు. గడియారం 66 ఏళ్లు అంది. పరువు పోయిందనుకున్నారు. తర్వాత తీగ లాగితే 1942 బయటపడింది. జర్మన్లు నిప్పు బాంబులు వేశారు. ఊరు కాలింది. ఇటుక మళ్లీ కాలింది. అంతవరకూ పోగేసిన తేమంతా పోయి, లెక్క సున్నా నుంచి మొదలైంది.

కారులో హారన్ కొట్టారు.

మే 29

కర్తరి వెళ్లింది. మేస్త్రీ వచ్చాడు. ఎన్ని వరసలు పెంచాలన్నాడు. మీ అన్నయ్యగారిని అడిగితే, తమ్ముణ్ణి అడగమన్నారని చెప్పాడు. అన్నయ్యను అడగమన్నాను. మేస్త్రీ మధ్యాహ్నం దాకా ఇటూ అటూ తిరిగి, నడుమెత్తు మీదే పూత పెట్టేశాడు. రోజు కూలి ఇద్దరి దగ్గరా తీసుకున్నాడు.

జూన్ 4

అమ్మాయి ఫోన్. ఎక్స్‌రే వచ్చింది. 10 దగ్గర ఒక శిఖరం. 7 పైన ఇంకోటి. రెండూ ఇంచుమించు సమానం.

"సగం పోయింది మామయ్యా."

పోయినవాటికి ఫార్మమైడ్ పెట్టింది. గంటలోపే 10 దాటి తెరుచుకున్నాయి. హాలోయ్‌సైట్ అని తేల్చుకోవడానికి పాత పరీక్ష అది. మామూలు చైనా క్లే అయితే అంత త్వరగా తెరుచుకోదు. నీళ్లు మళ్లీ రానివ్వని పొరలు ఫార్మమైడ్‌ను రానిస్తాయి. ఎందుకని మా ఆవిడ అడిగింది. అమ్మాయి పది నిమిషాలు చెప్పింది. ఫోను నాకిస్తూ మా ఆవిడ, అరిసెలు బాగున్నాయందట అంది.

జూన్ 8

మృగశిర. చేపల దగ్గర జనం. అన్నయ్య నాకు ముందు ఇద్దరి అవతల నిలబడ్డాడు. తన వంతు వచ్చింది. కొరమీను చాలదు, బొచ్చె ఉంది, ఎంత ఇమ్మంటారు అని అడిగాడు చేపలాయన.

"రెండు కిలోలు. రెండు సంచుల్లో కట్టు."

రెండో సంచి ఎవరికో చెప్పలేదు. నేను కిలో కొనుక్కుని వచ్చేశాను. ఇంటికొచ్చేసరికి ఒకటి గోడ మీద ఉంది. రెండు కిలోల చేప, కాలిన మిక్సీ, ఇద్దరం మనుషులం. మా ఆవిడ ఇంకా మాట్లాడట్లేదు.